అనంతమ్మ నడక

మామిడిపల్లిలో ఎవరింట పెళ్ళైనా అందరికంటే ముందు వచ్చే చుట్టం అనంతమ్మే. పందిట్లో ఇంకా కుర్చీలు దులుపుతుండగానే వచ్చి, గోడవారగా ఒక చోటు చూసుకుని కూర్చునేది. ఇక లేచేది కాదు. తలంబ్రాలకు లేవదు, భోజనాలకు లేవదు, ఫొటోకు రమ్మని పెళ్ళికూతురు స్వయంగా పిలిచినా లేవదు. విస్తరి అక్కడికే రావాలి, తాంబూలం అక్కడికే రావాలి. "అబ్బో, మహారాణి!" అని చాటున మూతులు తిప్పినవాళ్ళు లేకపోలేదు. అందరూ వెళ్ళిపోయి, వంటవాళ్ళు గిన్నెలు బోర్లించాక అప్పుడు లేచి ఇంటిదారి పట్టేది.

అది టెక్కు కాదు, సిగ్గు. నలుగురి ముందు నడవడమంటే ఆమెకు చచ్చేంత సిగ్గు.

ఏడేళ్ళప్పుడు లేగదూడ తాడు చేతికి చుట్టుకుని ఆడుతుంటే, దూడ బెదిరి ఉరికింది. పిల్లను చేను గట్ల మీదుగా ఈడ్చుకుపోయింది. విరిగిన కాలు కట్టు కట్టిస్తే అతికింది గానీ, వంకరగా అతికింది. అప్పటినుంచి ఆమె పేరు కుంటి అనంతి. కుండకు మూత దొరుకుతుంది గానీ ఊరి నోటికి దొరకదు కదా. బడికి పోతుంటే పిల్లలు వెనకాల వరసకట్టి, ఆమెలాగే కుంటుతూ వచ్చేవారు. బడి మానేసినా ఆ వరస మాత్రం ఆమెను వదల్లేదు. ఎక్కడ నడిచినా అది వెనకాల వస్తున్నట్టే ఉండేది. భర్త బిక్షం మంచివాడు, పెళ్ళైన నాటినుంచి ఆ కాలి మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం కూడా ఆమెకు ఎత్తిపొడిచినట్టే ఉండేది, ఏం చేస్తాం!

ఇంట్లో మాత్రం పులి. బర్రెల పనంతా ఒంటిచేత్తో చేసుకునేది. చుట్టుపక్కల చేలు ప్లాట్లయ్యాయి. దగ్గర్లో విమానాశ్రయం పడి, విమానాలు ఇంటి కప్పు మీదుగా చక్రాలు దింపుకుంటూ పోవడం మొదలైంది. బర్రెలు కొన్నాళ్ళు బెదిరి, తర్వాత తలెత్తి చూడడం కూడా మానేశాయి. అనంతమ్మ పాలు పితకడం మాత్రం మానలేదు.

మేడ మీద గది వేసి కిరాయికిస్తే తణుకు అమ్మాయి కీర్తన దిగింది. బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో ఉద్యోగం. విదేశీ టీవీల్లో వచ్చే బొమ్మల కథల్లో ఒక జంతువు నడవాలంటే, ఆ నడకను అడుగడుగునా కంప్యూటర్లో పేర్చాల్సింది ఈ పిల్లే.

"జంతువులు వాటంతట అవ్వే నడుస్తయి గద బిడ్డా, నువ్వు నడిపిచ్చుడేంది?" అని అనంతమ్మ నవ్వేది.

కీర్తన రోజూ పొద్దున్నే మేడ మీద నిలబడి కిందికి చూస్తుండేది. పట్నం పిల్లకు బర్రెలు ముచ్చటగా ఉన్నట్టున్నాయి అనుకుంది అనంతమ్మ.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి పాలకు రాలేదు. అనంతమ్మే గిన్నె పట్టుకుని మెట్లెక్కింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నిలువుటద్దం ముందు కీర్తన కుంటుతోంది. కుడి పాదం పక్కకు తిప్పి, ఎడమ భుజం దించి, అచ్చం అనంతమ్మలాగే నడుస్తోంది. స్టూలు మీద పెట్టిన ఫోను ఆ నడకంతా వీడియో తీస్తోంది.

అనంతమ్మకు ఒళ్ళు భగ్గుమంది. బడి తోవలోని పిల్లలు ఇన్నేళ్ళకు తన మేడే ఎక్కి కూర్చున్నారనిపించింది.

"ఏందే, నన్ను ఎక్కిరిస్తున్నవా? నా ఇంట్ల ఉండి, నా పాలు తాగి, నన్నే ఎక్కిరిస్తవా?"

"అయ్యో, వెక్కిరించడం కాదండీ పిన్నిగారూ! మా పనే ఇలా ఉంటుంది. బొమ్మను నడిపించే ముందు మేం నడిచి చూసుకుంటాం."

"నడువనీకి నా కాలే దొరికిందా నీకు?"

కీర్తన ముఖం పాలిపోయింది. "మిమ్మల్ని ముందే అడగాల్సింది. అడక్కపోవడం నా తప్పే" అంది.

"ఇగ ఖాళీ చెయ్యి!" అని అనంతమ్మ దిగిపోయింది. పాలగిన్నె కూడా వెనక్కి తెచ్చేసుకుంది.

బిక్షం బతిమాలాడు. "ఒక్కతే ఆడపిల్ల, ఏడికి పోతది? జర ఇడిసిపెట్టు." భర్త మాట తీసెయ్యలేక అనంతమ్మ ఖాళీ చేయించలేదు. కానీ మాట తెగిపోయింది. గేటు దగ్గర ఈవిడ గిన్నె పెట్టేది, ఆ పిల్ల తీసుకునేది. ఏడాది దాటినా కథ అంతే.

ఒకరోజు కీర్తన తిన్నగా కొట్టంలోకే వచ్చింది.

"నాతో మాట్లాడక్కర్లేదు పిన్నిగారూ, వినండి చాలు" అని మొదలుపెట్టింది. అమెరికాలో ఏటేటా బొమ్మల సినిమాలకూ, టీవీలో వచ్చే బొమ్మల కథలకూ పెద్ద సభ పెట్టి అవార్డులిస్తారట. కథకొకటి, సంగీతానికొకటి, బొమ్మను ప్రాణమున్నట్టు నడిపించినవాళ్ళకొకటి. ఆ నడిపించేవాళ్ళ పోటీలో ఈసారి కీర్తన పేరుంది, అదీ అనంతమ్మ నడక చూసి నడిపించిన బొమ్మకు. వీసా తేదీ దొరక్క తాను వెళ్ళలేకపోతోంది. "అక్కడ శనివారం సాయంత్రమంటే మనకు ఆదివారం పొద్దున. మీరు వచ్చి నా పక్కన కూర్చుని చూడాలి. అది వెక్కిరింతని మీకు రవ్వంత అనిపించినా ఆ రోజే గది ఖాళీ చేస్తాను."

అనంతమ్మ బర్రె పొదుగు వదల్లేదు, తల ఎత్తలేదు. పెళ్ళి పందిట్లో పదిమంది ముందు నడవలేని మనిషి. ఆమె నడకను అమెరికాలో అంత పెద్ద సభలో చూపిస్తారట!

ఆదివారం వెళ్ళింది. తప్పు పట్టుకోవడానికే వెళ్ళింది, అందులో దాపరికమేమీ లేదు. కీర్తన కంప్యూటర్లో ధగధగలాడే హాలు కనిపించింది. పట్టుబట్టల్లాంటి పొడుగు గౌన్లు, కోట్లు, వరసలు వరసలుగా మనుషులు. కీర్తన పేరు చదివారు. తణుకు పిల్ల పేరును వేదిక మీది దొరసాని నానా వంకర్లు తిప్పి పలికింది. హాల్లో దీపాలు తగ్గాయి.

తెర మీద ఎండిన చెరువు. ఒడ్డున ఏనుగుల మంద ఆగిపోయింది. అవతల నీళ్ళున్నాయి, మధ్యలో బురద ఎక్కడ మింగుతుందో తెలియదు. మందలోంచి ఒక ముసలి ఏనుగు ముందుకొచ్చింది. దాని ముందరి కుడికాలు వంకర. ఆ కాలు పక్కగా లేచి గాలిలో అరచుట్టు చుట్టింది, నేలను తాకబోయే ముందు ఒక్క క్షణం ఆగింది, అప్పుడు ఆనింది. ఎడమ భుజం మెల్లగా దిగింది. మళ్ళీ ఆ కాలు లేచింది.

అద్దంలో ముఖం చూసుకుంటాం గానీ నడక ఎవరు చూసుకుంటారు? తన నడకను అనంతమ్మ ఇన్నేళ్ళూ పిల్లల వెక్కిరింతలోనే చూసింది. ఇది అది కాదు. దీని నెమ్మది వేరు, దీని నిబ్బరం వేరు. గజగమన అని కవులు ఊరికే పొగిడారా? ఆ ముసలిది ఆగి, చూసి, అడుగేస్తుంటే, మందలో పెద్దా చిన్నా అన్నీ దాని అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనకాల వరసకట్టి వచ్చాయి.

హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది.

అవార్డు కీర్తనకు రాలేదు. వేరే దేశపు అమ్మాయి ఎవరో తీసుకుంది. కీర్తన కళ్ళు తుడుచుకుంది. అనంతమ్మ అదేమీ గమనించనేలేదు.

"మల్ల పెట్టు బిడ్డా."

కీర్తన మళ్ళీ పెట్టింది. ఆ పైన ఇంకోసారి పెట్టింది.

"గా కాలు ఆనిచ్చే ముంగట జర ఆగుతున్నది. నేను గట్లనే ఆగుతనా?"

"ఆగుతారు. నేలను అడిగి అడుగేస్తున్నట్టు ఉంటుంది మీ నడక. అది పట్టుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది."

"నా కుంటి నడకకు నాలుగు నెలలా!"

"ఏ కాస్త తేడా వచ్చినా నిజంగానే వెక్కిరింత అయిపోతుందని భయం, పిన్నిగారూ."

అనంతమ్మకు కళ్ళు నిండాయి. తెర మీది మందను వేలితో తాకింది. "నా ఎనుక ఎంతమంది నడుస్తున్నరే!" అంది.

ఆ వేసవిలో బిక్షం మేనకోడలి పెళ్ళి శంషాబాద్‌లో, ఫంక్షన్ హాల్లో. అలవాటు ప్రకారం బిక్షం పొద్దున్నే ఆటో తెచ్చి గేటు ముందు పెట్టించాడు.

"జల్ది కానియ్యి, మంది వస్తరు మల్ల."

"రానియ్యి. అందరు రానియ్యి" అంది అనంతమ్మ, తీరిగ్గా కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

వాళ్ళు చేరేసరికి హాలు నిండిపోయింది. బిక్షం గోడవార కుర్చీ కోసం వెతుకుతున్నాడు. అనంతమ్మ అతని చెయ్యి వదిలి, నడుమ పరిచిన ఎర్ర తివాచీ మీదికి అడుగుపెట్టింది. పాదం పక్కగా లేచింది, ఆగింది, ఆనింది. అటూ ఇటూ తలలు తిరిగాయి. మేళగాడు కూడా ఆమెనే చూశాడు. అయినా ఆమె ఆగలేదు. మండపం దాకా నడిచి, పెళ్ళికూతురి తల మీద అక్షింతలు వేసింది.

ముందు వరసలో ఖాళీ లేదు. ఎవరో ఆడమనిషి కంగారుగా లేచి, "కూసో అక్కా, ఇన్నే కూసో, మల్ల అంత దూరం ఏం నడుస్తవు" అంది.

"కూసో చెల్లే, నువ్వే కూసో" అంది అనంతమ్మ. వెనక్కి తిరిగి, తివాచీ మీద మళ్ళీ అంత దూరమూ నడిచింది.