తొమ్మిది బేస్ గిటార్లు, ఒక రిలే

మా ఇంట్లో మంచాలు రెండు, బేస్ గిటార్లు తొమ్మిది. చుట్టాలొస్తే ఎక్కడ పడుకోబెట్టాలా అని నేను తల పట్టుకుంటే, కొత్తగా వచ్చిన గిటారును ఏ గోడకు తగిలించాలా అని మా ఆయన తల పట్టుకుంటాడు. ఆయన పేరు మహిపాల్. డోర్నకల్ జంక్షన్‌లో సిగ్నల్ మెయింటెయినర్. పొద్దున్నే హసన్‌పర్తిలో ఇల్లు కదిలి, కాజీపేటలో రైలెక్కి డ్యూటీకి పోతాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ముందు గిటార్లను పలకరిస్తాడు, ఆ తర్వాత నన్ను. పెళ్ళయిన కొత్తలో దీనికి ఏడ్చాను. తర్వాత తిట్టాను. ఇప్పుడు ఆయన వాటిని తుడిచే లోపల చాయ్ పెట్టేస్తున్నాను.

మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న అడుగుతారు. "నాలుగే తీగలున్నయేంది బావా, మిగిలిన రెండు తెగినయా?" ఆయన విసుక్కోడు. బేస్ గిటారుకు నాలుగే ఉంటాయని, పాటలో అడుగున గుమ్మని మోగేది ఇదేనని ఓపికగా చెబుతాడు. వాళ్ళు తలూపి, టీవీ పెట్టమంటారు.

ఆ తొమ్మిదీ కొట్లో కొన్నవి కావు. ఒకటి మూతబడ్డ ఆర్కెస్ట్రా వాళ్ళ గోదాములో దొరికింది. అప్పటికే ఎలుకలు దాని మెడ కొరికేశాయి. ఇంకొకటి ములుగులో ఎవరింటి వెనకో బట్టలారేసే తీగకు ఆసరా కట్టెగా నిలబడి ఉంటే, అది చూసి మా ఆయన బస్సు దిగిపోయాడు. ఎండకు పొట్టు లేచిపోయిన ఆ కట్టెను ఆరు నెలలు గీకి, నూనె పట్టించి, తీగలు బిగించి మనిషిని చేశాడు. నేనొకసారి మంచిమనసుతో తడిగుడ్డ పెట్టి తుడిచినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం రెండు పూటలా తిన్నాడు.

గిటార్లు చాలవన్నట్టు పెడల్‌బోర్డుల పిచ్చి కూడా ఉంది. పెడల్ అంటే అరచేయంత ఇనప డబ్బా. గిటారు వైరు దాంట్లోంచి పోతుంది. కాలితో నొక్కితే ఒకటి శబ్దాన్ని గరగరలాడిస్తుంది, ఇంకొకటి చిక్కబరుస్తుంది, మరొకటి అలలాగా ఊపుతుంది. అలాంటి వాటిని ఏడెనిమిదింటిని ఒక పలక మీద పేర్చి, వైర్లు కలిపితే బోర్డు. వరంగల్‌లో పెళ్ళిళ్ళకు వాయించేవాళ్ళు, చర్చిల్లో వాయించేవాళ్ళు మా ఇంటికే వచ్చి చేయించుకుంటారు. ఎందుకంటే మా ఆయన బోర్డును రైల్వేలో సిగ్నళ్ళను నడిపే రిలే గదిలాగే కడతాడు. ప్రతి వైరుకూ రెండు కొసల్లో నెంబరు బిళ్ళ. అంగుళానికొక ముడి చొప్పున మైనపు దారంతో కట్టలు. ఆ ముడులు వేసేది నేనే. తన చూపు కొంచెం తగ్గాక ఆయన నాకు నేర్పాడు. ఏ నెంబరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ఇంత చేసినా, ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన పాటలో వాయించగా నేను వినలేదు. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒక మూల కూర్చుంటాడు. నాకు వినబడేది ఉత్త తీగల టకటక. ఒకసారి ఆ హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకున్నాను. డుమ్ డుమ్ అంది, అంతే. కూర లేని అన్నం తిన్నట్టుంది.

"నలుగురితోని కలిసి పాటల వింటెనే తెలుస్తదే ఇది," అన్నాడు.

"మరి నలుగురితోని ఎప్పుడు వాయిస్తవ్?"

హెడ్‌ఫోన్ మళ్ళీ తగిలించుకున్నాడు. ఎందుకు వాయించడో యాకయ్యన్న చెప్పాడు. యాకయ్యన్నది పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా. నౌకరీ రాకముందు మా ఆయన అందులోనే వాయించేవాడట. ఆఖరుసారి ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళకు ఆయన గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్ పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసిందట. పిల్ల తండ్రి స్టేజీ ఎక్కి అందరి ముందూ తిట్టాడట. ఆ నెలలోనే రైల్వే కాగితం వచ్చింది. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఇరవయ్యారేళ్ళు! ఊరందరికీ బోర్డులు చేసిస్తూ, తను మాత్రం మూలన కూర్చున్నాడు. నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

పోయిన ఏడు యాకయ్యన్న ఇంటికొచ్చాడు. వాళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే కుర్రాడు హైదరాబాదులో పని దొరికి పోయాడు. హసన్‌పర్తిలోనే ఒక పెళ్ళి విందు, పగటిపూట ప్రోగ్రాం.

"ఒక్కదానికి రా తమ్మీ. ఆరు పాటలే."

"సోచాయించి చెప్తనే అన్నా," అని మా ఆయన పదకొండు రోజులు సోచాయించాడు. పన్నెండో రోజు నేను చాయ్ పెట్టలేదు. "వస్తనని ఫోన్ జెయ్యి, అప్పుడే చాయ్," అన్నాను. చేశాడు.

ఇక తనకోసం ఒక బోర్డు మొదలుపెట్టాడు. అందరి బోర్డుల్లో లేనిది దీంట్లో ఒకటి పెట్టాడు, రిలే. కరెంటు సరిగ్గా ఉన్నంతసేపే దారి కలిపి ఉంచే స్విచ్చు అది. రైల్వే సిగ్నల్లో పద్ధతి ఏమిటంటే, అంతా సవ్యంగా ఉంటేనే పచ్చ. వైరు తెగినా, కరెంటు తగ్గినా రిలే పడిపోయి సిగ్నల్ దానంతటదే ఎర్రబడాలి. రైలు ఆగిపోయినా ఫర్వాలేదు, ప్రమాదం జరగకూడదు. మా ఆయన గిటారుకూ అదే న్యాయం చేశాడు. ఎక్కడ ఏ చిన్న తేడా వచ్చినా శబ్దం మొత్తం ఆగిపోవాలి. కూత మాత్రం రాకూడదు.

ఒక్కో వైరూ పీకి చూపించాడు. పీకినప్పుడల్లా శబ్దం ఠక్కున ఆగిపోయింది. "చూసినవా, ఎంత భద్రమో!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. నేనూ చప్పట్లు కొట్టాను. పెళ్ళికి కావలసింది మోగే గిటారు కదా, మనం ఆగిపోయే గిటారును చూసి మురుస్తున్నామేమిటని మా ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. సిగ్నల్ మనిషితో కాపురం చేస్తే నాకూ అదే బుద్ధి పట్టినట్టుంది.

పెళ్ళి రోజు ఆయన ముందే పోయి అన్నీ సర్దుకున్నాడు. నేను పట్టుచీర కట్టుకుని ఆటోలో పోయి, స్పీకరుకు దగ్గరగా ముందు వరసలో కూర్చున్నాను. ములుగులో దొరికిన గిటారే మెడలో వేసుకున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

పాట మొదలైంది. డ్రమ్ము వినబడుతోంది, కీబోర్డు వినబడుతోంది, యాకయ్యన్న గొంతు వినబడుతోంది. మా ఆయన వేళ్ళు కదులుతున్నాయి, ఏమీ వినబడటం లేదు. జనం హాయిగా బిర్యానీ తింటున్నారు. అంత మందిలో లోటు తెలిసింది నాకొక్కదానికే. నేను అదొక్కటి వినడానికే వచ్చాను మరి.

ఆయన వంగి రిలే మీట నొక్కాడు. బోర్డు మీద ఎర్ర లైటు పోయి పచ్చ వెలిగింది, వెంటనే మళ్ళీ ఎర్రబడింది. జనరేటరు కరెంటు ఎగుడుదిగుడుగా వస్తోంది. ఇంకొక బోర్డు అయితే సర్దుకునేది, మా ఆయన బోర్డు ఒప్పుకోదు. అప్పుడాయన చేసిన పని చూసి నా ప్రాణం ఉసూరుమంది. స్టేజీ మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒకటో నెంబరు బిళ్ళ నుంచి వరసగా వేలు పెట్టి పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. డ్యూటీలో చేసినట్టే, నింపాదిగా. రెండో పాట కూడా అయిపోయింది. ఆయన తొమ్మిదో నెంబరు దగ్గరున్నాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. ఇంకొక పాట ఇట్లాగే గడిస్తే ఈ మనిషి గిటారు సంచిలో పెట్టేస్తాడని, ఇక జన్మలో బయటికి తియ్యడని నాకు తెలిసిపోయింది.

కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని స్టేజీ ఎక్కాను.

"ఒకటో నెంబరు పీకు. ఆ గిటారు వైరు సీదా ఆంప్‌ల పెట్టు."

"రిలేను దాటేసుడా? తప్పే సుకన్యా. నా నౌకరీల ఒక్కసారి గూడ జెయ్యలే."

అది మొండితనం కాదు. ఎవరో ఒకరు తొందరపడి రిలేను దాటేసి వైరు కలిపితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ భయంతోనే ఇన్నేళ్ళూ వేల మందిని క్షేమంగా ఇళ్ళకు చేర్చాడు. అయినా నాకు ఆగలేదు.

"ఈడ రైలు రాదయ్యా! కూస్తే కూయనియ్. ఎవలన్న తిడితే నేను మాట్లాడ్త. నువ్వు వాయించు."

ఆయన నా మొహం చూశాడు. ఒకటో నెంబరు వైరును తనే పీకి, ఆంప్‌లో గుచ్చాడు.

నేనింకా మెట్లు దిగుతుండగానే మూడో పాట ఎత్తుకున్నారు. ముందు నా అరికాళ్ళకు తెలిసింది, తర్వాత కడుపుకు, ఆ తర్వాతే చెవులకు. చిన్నప్పటి నుంచి ఎరిగిన పాటే అది. ఇన్నాళ్ళూ దాన్ని సగమే విన్నానని అప్పుడర్థమైంది. యాకయ్యన్న గొంతు ఎంత పైకి పోయినా కింద ఒకరు పట్టుకునే ఉన్నారు. కుర్చీలో కూలబడి, ఎవరు చూస్తే నాకేమిటని ఏడ్చేశాను.

పక్కనున్న పెళ్ళివారి పద్మలత కంగారుపడింది. "ఏమైందక్కా? అప్పగింతలకు ఇంక టైమున్నది గదా!"

"మా ఆయన వాయిస్తాండు," అన్నాను.

"ఏడ?"

స్టేజీ మీద వెనక వరసలో తల వంచుకుని నిలబడ్డ మనిషిని చూపించాను. ఆమె కాసేపు చెవి ఒగ్గి, "ఏమో అక్కా, నాకేం తెలుస్తలేదు," అంది నిజాయితీగా. ఫర్వాలేదనుకున్నాను. నాకు తెలుస్తోంది, చాలు.

ఆరు పాటలూ అయ్యాక స్టేజీ వెనక్కు పోయాను. వైర్లు చుట్టుకుంటూ, పెద్ద నేరం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి, "నాలుగు పాటలు రిలే లేకుంటనే వాయించిన," అన్నాడు.

"ఏమన్న అయిందా?"

"ఏం గాలే." వైరు చుట్టడం ఆపి మళ్ళీ అన్నాడు, "ఏం గాలేనే."

యాకయ్యన్న సామాన్లు వ్యానులోకి ఎక్కించి, "ఇగ పోయొస్త చెల్లె," అని బయలుదేరబోయాడు. పదకొండు రోజులు సోచాయించిన మా ఆయన, చేతిలో వైరు కింద పడేసి ఆయన వెనకాలే నాలుగడుగులు ఉరికాడు.

"అన్నా, జర ఆగే. మల్ల ప్రోగ్రాం ఎప్పుడు?"

పెళ్ళినాడు కూడా ఆయన మీద నాకు అంత ప్రేమ కలగలేదు.