వారం గడువు, ఇరవై ఎనిమిది గంటలు

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు చాదస్తమ్మ. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. పట్టినప్పుడల్లా చీవాట్లు తినడం ఆ ఉద్యోగంలో భాగం. ఎనిమిదేళ్లుగా ఏసీ నీళ్లు కారే మూలనే ఆమె కుర్చీ.

కిటికీ పక్క కుర్చీ ఆర్కిటెక్టుది, అంటే ప్రోగ్రాములకు నక్షా గీసే పెద్దమనిషిది. పని తక్కువ, ప్రవచనం ఎక్కువ. ఊళ్లో పెద్దాసుపత్రిలో నర్సుల పసిపిల్లలను చూసుకునే గదిలో ఇరవై ఆరు చోట్లున్నాయి. ఎప్పుడూ సిఫారసు ఉన్నవాళ్లకే దక్కుతున్నాయని గొడవైతే, ఎన్నో కంప్యూటర్లు కలిసి రాసే, ఎవరూ దిద్దలేని చిట్టా అయిన బ్లాక్‌చెయిన్‌లో దరఖాస్తులు తీసుకుని లాటరీ తీయించే పని ఇతగాడికి అప్పగించారు. చాదస్తమ్మ అక్క అక్కడే నర్సు. పది నెలల బిడ్డకు చోటు దొరక్కపోతే ఉద్యోగం మానాల్సిందే.

పాత చెయిన్ కోసం రాసిన ప్రోగ్రామును ఆర్కిటెక్టు చవకైన కొత్త చెయిన్‌కు మార్చాడు.

"ఇది ఈవీఎం అనుకూలమమ్మా! అంటే ఓట్ల పెట్టె అనుకునేవు. చెయిన్‌లోని కంప్యూటర్లన్నిటిలో ఆదేశాలను ఒకేలా నడిపే యంత్రం. అదే యంత్రం ఇక్కడా ఉంది. పాత కోడు, పాత పరికరాలు, అన్నీ పనికొస్తాయి. కొత్త భాష నేర్చుకోనక్కర్లేదు, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు!"

అందులో అబద్ధమేమీ లేదు. అదే వచ్చిన చిక్కు.

"వారం గడువుని ఎలా రాశారు సార్?"

"యాభై వేల నాలుగు వందల బ్లాకులు, అంటే చిట్టాలో అన్ని పేజీలు నిండేదాకా."

"పాతదాంట్లో బ్లాకు పన్నెండు సెకన్లకొకటి. ఇందులో రెండు సెకన్లకే వస్తోంది కదా?"

"పరీక్షలన్నీ పాసై పచ్చగా ఉన్నాయి తల్లీ. నీ చాదస్తం నీదే!"

పచ్చగా ఎందుకుండవు? పరీక్షలో వారం ఆగే ఓపిక లేక, బ్లాకుల అంకెను ఒక్క ఆదేశంతో ముందుకు తోసేశాడు మహానుభావుడు. గోడ గడియారం వంక చూసిందెవరు?

సోమవారం ఉదయం ఎనిమిదికి దరఖాస్తులు మొదలయ్యాయి. మంగళవారం మధ్యాహ్నం అక్క ఫోను.

"ఏమే, డ్యూటీ దిగొచ్చి చూస్తే గడువు అయిపోయిందంటోంది! వారం అన్నారుగా?"

చాదస్తమ్మ గడియారం చూసింది. పన్నెండు దాటి పది నిమిషాలు. సరిగ్గా ఇరవై ఎనిమిది గంటలు నడిచి మూసుకుంది.

ఆర్కిటెక్టు తొణకలేదు. "చెయిన్ మీదికెక్కాక ఎవరూ మార్చలేరు. దాని గొప్పతనమే అది. లాటరీ వచ్చే మంగళవారం. నోరు మూసుకో, పరువు పోతుంది."

"మీ పరువుకు ఉయ్యాల కావాలా సార్?"

అనేసి లేచింది. నేరుగా ఆసుపత్రిలో నర్సుల పెద్ద, మేట్రన్ గదికెళ్లి, కాగితం మీద లెక్క వేసి చూపించింది. ఆవిడ రెండుసార్లు చూసి, "అంటే మా నర్సులకు వారం ఒక్కరోజు నాలుగు గంటల్లో అయిపోయిందన్నమాట" అని లాటరీ రద్దు చేసింది. పాతదాన్ని మార్చలేరు సరే, కొత్తది పెట్టకూడదని ఎవరన్నారు? ఈసారి గడువును బ్లాకుల్లో కాక, తేదీ, గంటల్లో చాదస్తమ్మే రాసింది. కోడులో మార్చింది ఒకే ఒక్క వరుస.

మరుసటి వారం లాటరీలో బిడ్డ పేరు పంతొమ్మిదోది. అక్క ఫోనులో ఏడ్చి, నవ్వి, చివరికి అడిగింది: "నీ ఉద్యోగం మాటేంటే? మీ సారు ఏమన్నా అన్నాడా?"

"తీరికేదక్కా ఆయనకి? ఇంకో కొత్త చెయిన్ దొరికిందిగా. ఒక్క అక్షరం మార్చనక్కర్లేదట!"