కలుపు తీసిన మళ్ళు

మా వదిన పెళ్ళయ్యాక యూనివర్సిటీలో వ్యవసాయం చదివింది. ఆ చదువు మా అన్నయ్యకి మొదటినుంచీ గిట్టలేదు. అన్నయ్య బస్సుల షెడ్డులో మెకానిక్కు. నోరు కూడా ఇంజనులాంటిదే, స్టార్టయితే ఆగదు.

"మట్టి పిసకడానికి కూడా కాలేజీయేనా? ఆ పిసికేదేదో పెరట్లో పిసుకు, బస్సు ఛార్జీలైనా మిగుల్తాయి" అనేవాడు.

వదిన నవ్వేసి, పిల్లాణ్ణి నాకప్పగించి బస్సెక్కేది. నేను వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కుట్టుమిషను తొక్కుకునేదాన్ని.

ఆఖరి ఏడాది ఆమెకి కాలేజీ పొలంలో కొన్ని మళ్ళిచ్చారు. వేరుశనగ వేసింది. కొన్నిట్లో కలుపుమందు కొట్టింది. కొన్నిట్లో మందు జోలికే పోకుండా మొక్కల మధ్య ఎండుగడ్డి పరిచింది. ఓ మూడు మళ్ళని మాత్రం అసలు ముట్టుకోలేదు. వాటిల్లో కలుపు ఇష్టమొచ్చినట్టు పెరగాలి. పంట తీశాక వాటితో పోల్చి చూస్తేనే గడ్డి ఎంత పనిచేసిందో తేలుతుంది. అది తేలితేనే పట్టా. ఇదంతా కూరగాయలు తరుగుతూ నాకు చెప్పింది. అన్నయ్యకీ చెప్పబోయింది గానీ, వింటేగా!

పంట పూతకొచ్చిన రోజుల్లో వదినకి జ్వరమొచ్చి మంచం పట్టింది. ఒళ్ళు కాలిపోతున్నా "మళ్ళు ఎలా ఉన్నాయో" అని ఒకటే కలవరింత. అది విని అన్నయ్య షెడ్డుకి సెలవు పెట్టి, మాకెవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చాడు. గోళ్ళనిండా మట్టి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"నీ మళ్ళు చూసొచ్చానోయ్! అన్నీ బానే ఉన్నాయి గానీ, మూడిట్లో మోకాలెత్తు కలుపు. పక్కన బోర్డు మీద నీ పేరు! పరువు పోదూ? ఒక్క పోచ లేకుండా పీకిపారేశా. నడుం విరిగిందనుకో!"

నేను గబుక్కున వదినకేసి చూశాను. వదిన మాత్రం, "చేతులు కడుక్కోండి, భోంచేద్దురుగాని" అంది.

అన్నయ్య అటు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఆయనకి చెప్పకు."

"పోనీ, తియ్యలేదనే రాసెయ్యి వదినా. ఎవరు చూడొచ్చారు?"

"ఆ లెక్కలు నమ్మి రేపు ఎవరైనా రైతు గడ్డి పరిచి నష్టపోతే?"

వాళ్ళ సారుకి ఉన్నదున్నట్టు చెప్పింది, పీకిందెవరో ఒక్కటి తప్ప. సారు జాలిపడి మళ్ళీ వచ్చే పంటకి వెయ్యమన్నాడు. అప్పటికి రెండోది కడుపులో పడింది. ఆ తర్వాత మా అమ్మకి కాళ్ళు చచ్చుబడి, లేపడం, కూర్చోబెట్టడం అన్నీ వదినే చూడాల్సొచ్చింది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే యూనివర్సిటీ పెట్టిన గడువు దాటిపోయింది. "విసుగొచ్చి మానేశా" అని అన్నయ్యతో చెప్పింది. "నే ముందే అన్నానా!" అన్నాడు అన్నయ్య.

పిల్లలు పెద్దయ్యాక వదిన మొక్కలమ్మే నర్సరీలో పనికి కుదిరింది. ఆదివారాలు ఎరువు బస్తాలు దించడానికి అన్నయ్య కూడా వెళ్తాడు. మొన్న ఆదివారం నేను పూలమొక్క కోసం వెళ్ళినప్పుడు, వదినతో చదువుకున్న ఒకావిడ వచ్చింది. ఇప్పుడు ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెబుతోందట.

"నీ మళ్ళల్లో కలుపు పీకిన మహానుభావుడు దొరికాడుటే? లేకపోతే నువ్వూ ఈపాటికి మాతోపాటు ఉండేదానివి!" అని నవ్వి, మొక్కలు తీసుకుని వెళ్ళిపోయింది.

అన్నయ్య భుజం మీద బస్తా అలాగే ఉంది.

"అవి... అవి పీకకూడదా?"

"పోనివ్వండి, ఎప్పటి మాటో."

"నాకు చెప్పలేదేమే? తిట్టొచ్చుగా!"

"నా చదువు దగ్గరికి మీరొచ్చిందే ఆ ఒక్కరోజు. ఆ రోజు కూడా తిట్టమంటారా?" అంది వదిన.

అన్నయ్య బస్తా దించి దాని మీదే కూలబడ్డాడు.

"ఆ గడ్డి పరిచావే... పనిచేసేదంటావా?"

వదిన చదువు గురించి అన్నయ్య అడిగిన మొదటి మాట అది.

"చేసేదనే అనుకున్నానండీ," అంది వదిన, "తేలలేదు."