చదువులమ్మ రాసిన వాంగ్మూలం

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో పనిచేసే ముప్పై మందిలో అక్షరమ్ముక్క వచ్చింది ఆమెకొక్కదానికే. అందుకే అందరూ చదువులమ్మ అనేవాళ్లు. వారమంతా నిలబడి దుప్పట్లు మడతపెట్టేది, ఆదివారం చర్చిలో వాక్యం చదివేది. ప్రవక్తల మాటలంటే ఆమెకు ప్రాణం. విధవరాలి గోడు దేవుడు వింటాడనీ, కూలివాణ్ణి నలిపేవాడి మీదికి తీర్పు వస్తుందనీ చదివేటప్పుడు ఆమె గొంతు ఖంగుమనేది. వెనక బల్ల మీద ఆడపడుచు కళ్లొత్తుకునేది. మొగుడు పోయాక ఆ మనిషి అన్నావదినల దగ్గరే ఉంటూ అదే కార్ఖానాలో పనికి కుదిరింది.

ఆడపడుచు పని వేడి రోలర్ల దగ్గర. తడి దుప్పటి ఇటు నుంచి అందిస్తే ఆరిపోయి, ముడతల్లేకుండా అటు వస్తుంది. చేతులు లోపలికి పోకుండా ముందు ఒక ఇనుప కడ్డీ ఉండాలి. పనికి అడ్డమొస్తోందని మేనేజరు దాన్ని నెల కిందటే తీయించాడు. ఒక మధ్యాహ్నం దుప్పటితో పాటు ఆమె కుడిచెయ్యీ లోపలికి పోయింది. మిషను ఆపేసరికి మణికట్టు కింద ఇంకేమీ మిగల్లేదు.

మర్నాడు కడ్డీ మళ్లీ బిగించారు. విచారణకు అధికారి వస్తున్నాడని తెలిసి మేనేజరు చదువులమ్మను గదిలోకి పిలిచాడు.

“కడ్డీ ఎప్పుడూ ఉంది, తనే తీసి చెయ్యి పెట్టింది. అంతే రాయి. నీ రాత ముత్యాల్లా ఉంటుంది.”

“అది నా ఆడపడుచు సార్.”

“తెలుసు. పోయిన చెయ్యి ఎలాగూ రాదు. కార్ఖానా మూతబడితే ముప్పై ఇళ్లలో పొయ్యి వెలగదు. మంచాన పడ్డ మీ ఆయన్ని ఎవరు చూస్తారు?”

ఆమె రాసింది. మిగతావాళ్లకు చదివి వినిపించింది. ఒక్కొక్కరే వచ్చి వేలిముద్ర వేశారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ఆడపడుచు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. ఆదివారం పొద్దున చదువులమ్మ ఆమెకు తల దువ్వి జడ వేసింది.

“వదినా, నేను రాలేనుగా. ఇవాళ్టి వాక్యం ఇక్కడే చదువు.”

చదవడం మొదలుపెట్టింది. బీదలకు న్యాయం దక్కకుండా అన్యాయపు రాతలు రాసేవాళ్లను దేవుడు నిలదీస్తాడన్న భాగం అది. ఎన్నోసార్లు చదివిందే. చదివినప్పుడల్లా పెద్దపెద్ద వాళ్లే కళ్ల ముందు మెదిలేవారు. ఈసారి తను రాసిన కాగితమే మెదిలి, చదవడం ఆపేసింది.

“ఆగావేం? ఆ కాగితం రాసింది నువ్వేనటగా, పక్కింటావిడ చెప్పింది. అదీ చదివి పెట్టు వదినా. నువ్వు చదివితే దేవుడు పలికినట్టే ఉంటుంది.”

దెప్పుతోందో, నిజంగానే అడుగుతోందో తెలియలేదు. ప్రతి ముక్కా నోటికొచ్చు. చివరిదాకా అప్పజెప్పింది. ఆడపడుచు అంతా విని గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం చదువులమ్మ అధికారి దగ్గరికి వెళ్లింది.

“మొన్న అబద్ధం రాశానంటున్నావు. ఇవాళ చెప్పేది నిజమని నమ్మేదెలా?”

“నమ్మకపోయినా రాసుకోండి సార్.”

సాయంత్రానికి ఆమె పని పోయింది. వేలిముద్రలు వేసిన ప్రతి ఇంటికీ తిరిగి బతిమాలింది. “మా నోట్లో మట్టి కొట్టకే తల్లీ” అంది ఒక ముసలావిడ. మిగతావాళ్లు ఆ మాట కూడా అనకుండా తలుపేసుకున్నారు.

విచారణ రెండేళ్లు సాగింది. పిలిచినప్పుడల్లా అధికారి ఆఫీసు వసారాలో బల్లకి ఈ చివర చదువులమ్మ, ఆ చివర ఆడపడుచు కూర్చునేవాళ్లు. చివరికి మొదటి కాగితమే నిలిచింది. తప్పు చెయ్యి పోయినామెదేనన్నారు. మేనేజరు కుర్చీ కదల్లేదు.

పాస్టరు ఓదార్చడానికి వచ్చాడు. “దేవుడి తీర్పు ఆలస్యమవుతుందేమో గానీ తప్పదమ్మా.”

“నా భయమూ అదే అయ్యగారూ” అంది చదువులమ్మ. చర్చిలో చదవడం ఆమె అప్పటికే మానేసింది.

కొన్నాళ్లకు ఆడపడుచు ఒక పలక తెచ్చి ఆమె ముందు పెట్టింది.

“ఎడమచేత్తో రాయడం నేర్పు. ఇకమీదట నా సంగతి ఇంకొకళ్లు రాయకూడదు.”

ఆ వయసులో, ఆ చేత్తో అక్షరాలు ఒక పట్టాన కుదరలేదు. గుండ్రంగా తిప్పాల్సినచోట బలపం విరిగేది. చదువులమ్మ చెయ్యి పట్టుకుని దిద్దించబోతే విదిలించుకునేది. అయినా రోజూ కూర్చునేది.