అమావాస్యనాటి అండమాన్ టికెట్లు

మొన్నటి మాఘమాసంలో ఒక గురువారం, పగలు సరిగ్గా పదకొండు గంటలకు, కోస్గిలో మా ఇంట్లో జరిగింది ఇది. నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. వాచకంలో అండమాన్ దీవుల గురించి చదివిన రోజు నుంచి, మోకాళ్లు ఆడుతుండగానే వాటిని చూడాలని పట్టుబట్టాను. విమానం కిరాయి మాత్రం ఎప్పుడూ మాకు అందలేదు. మా కోడలు సునీత నెలల తరబడి ఫోన్‌లో వెతికి, ఆ రోజు మా పల్లీలు అమ్మిన పైసల్లో సరిపోయే టికెట్లు పట్టింది. రెండే సీట్లున్నాయి.

మా ఆయన క్యాలెండర్ చూశాడు. "అమావాస్యనాడు ఇల్లు దాటుతరా? నేను రాను."

"అందరు గట్లనే అనుకుంటరు మామా, అందుకే అగ్గువకు దొరికినయ్" అంది సునీత.

"నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత" అన్నాను. పైకి అన్నాను గానీ, ఆయన లేకుండా విమానం ఎక్కే ధైర్యం నాకు లేదు. సీట్లు ఎక్కడ పోతాయోనని సునీత చేతిలోని ఫోన్ వైపే చూశాను.

సునీత తొందరపడలేదు. "అమావాస్యకు ముందటి సోమవారం మంచిదే గద మామా. ఆ నాడే నీ సంచి పక్కింటి ఎల్లమ్మత్త ఇంట్ల పెడ్త. మంచిరోజు పయనమైనట్టే. పెద్దలు గిట్లనే చేస్తుండె గద?"

ఆయన మీసం దువ్వుకున్నాడు. "దాని సంచి గూడ పెట్టు" అన్నాడు.

అమావాస్యనాడు బయల్దేరి, మర్నాడు సముద్రంలో మోకాళ్లలోతు నిలబడ్డాను. మామ మాట కొట్టేయకుండా, టికెట్ పోనివ్వకుండా నెగ్గిన కోడలు ఎంతమందికి ఉంటుంది?

ఆ పగలు అక్కడున్నది సునీత, బాలమణి అనే నేను, మా ఆయన. ఆయన పేరు నోటితో ఇప్పటికీ పలకను. రాయడం వచ్చింది కనుక రాస్తున్నాను: నర్సింహులు.