చలికొట్టంలో దబ్బనం చప్పుడు

మెరన్ ఫౌబిస్టర్ నడిచి వస్తుంటే ముందు కుడి అడుగు వినిపించేది. ఎడమది కొంత వెనకగా, మరెవరిదో అన్నట్టు, ఈడ్చుకుంటూ వచ్చేది. సముద్రం మీంచి పొగమంచు కమ్మిన ఉదయాల్లో ఇద్దరు వస్తున్నారనే అనుకునేవాణ్ణి. మంచులోంచి బయటపడేది ఒక్కతే.

ఓర్క్నీ దీవుల్లో మేం చేసే కుర్చీలకు వీపు ఆనే భాగం గడ్డితో ఉంటుంది. చెక్క చట్రం నాది. ఓట్స్ పంట గడ్డిని పాయలుగా పట్టి, వరస మీద వరస దబ్బనంతో కుట్టడం ఇరవై రెండేళ్లుగా మెరన్ పని. తనకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని, కాళ్లూ చేతులూ మాట వినకుండా చేసే ఆ నరాల జబ్బని ఆమె చెప్పినప్పుడు, అదేమిటని ఎవరూ అడగలేదు. మా దీవుల్లో ఆ పేరు వినని ఇల్లు అరుదు.

ఆ మార్చిలో ఆమె కుట్టిన మూడు కుర్చీలు వంకరపోయాయి. యజమాని ఎడ్విన్ హెడల్ చెడ్డవాడు కాడు, అంతకుమించి చెప్పలేను.

"శుక్రవారానికి ఒక్కటైనా తిన్నగా రావాలి పిల్లా. లేకపోతే నీ చోట ఇంకొకర్ని పెట్టక తప్పదు," అన్నాడు.

ఒంట్లో బాగాలేని మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం, మాకు తెలిసిన దయ అదొక్కటే. ఆమె బల్లను అక్కడికి నేనే జరిపాను. పొయ్యిలో పీట్ పెళ్లలు, మేం కట్టెలకు బదులు కాల్చే ఎండిన బురదమట్టి, నేనే పేర్చాను. మధ్యాహ్నానికి ఆమె చేతులు ఎవరో మరచిపోయిన తొడుగుల్లా ఒళ్లో పడి ఉన్నాయి. దబ్బనం వేలిలో దిగబడి ఉంది.

"మెరన్, నీ వేలు!"

"ఎవరిదది?" అంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "నన్ను ఉడకబెడుతున్నావయ్యా. వేడి తగిలితే ఇవి నా మాట వినవు. డిసెంబరులో పొయ్యి చెడినప్పుడు ఎంత బాగా కుట్టానో గుర్తులేదూ?"

గురువారం ఆమె గడ్డి దాచే రాతికొట్టంలోకి మారి, తలుపు బార్లా తెరిచింది. మంచు లోపలికి చేరింది. పురికొస గడ్డిలోంచి దూసుకొచ్చే చప్పుడు, ఒక విరామం, మళ్లీ చప్పుడు. అంతలో మాట వినబడింది: "ఇంకాస్త బిగించు. ఆఁ, అంతే. వదలకు."

లోపలికి వెళ్లాను. కళ్లు మూసుకుని కుడుతోంది. పక్కన ఎవరూ లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నా చేతితో. కళ్లు తెరిస్తే అన్నీ రెండేసి కనబడుతున్నాయి, ఏ వరసను నమ్మను? పురికొస బిగిసినప్పుడు ఒక చప్పుడొస్తుంది. దాన్ని పట్టుకునే కుడుతున్నా."

మనిషి తన దేహాన్ని నాది అంటాడు. ఆ మాటకు ఆధారమేమిటో అంతవరకు నేను వెతకలేదు.

శుక్రవారం ఎడ్విన్ కొలబద్ద పెట్టి వరసలన్నీ కొలిచాడు. రెండోసారీ కొలిచాడు. "కొట్టం నీదే, ఉండు," అంటూ ఆమె చెయ్యి అందుకుని, ఉలిక్కిపడి వదిలేశాడు.

"చచ్చినదాని చెయ్యిలా ఉందే!"

"జీతం మాత్రం బతికున్నదానికే ఇవ్వు," అంది మెరన్.

ఇప్పటికీ ఆమె అక్కడే పనిచేస్తోంది. మంచు రోజుల్లో వచ్చిన కొనుగోలుదారులు లోపలి మాటలు విని, ఆ కొట్టంలో ఎంతమంది ఉన్నారని అడుగుతుంటారు. ఒక్కతే అంటాను. అనేముందు మాత్రం ఒకసారి చెవి ఒగ్గి వింటాను.