అక్క చదివి చెప్పిన రిపోర్టు

మొన్న మోకాళ్ల నొప్పికని రక్తం ఇచ్చి వస్తే సాయంత్రానికల్లా రిపోర్టు ఫోన్లోకి వచ్చింది. విటమిన్ డి అన్న వరుసలో నా అంకె, దాని పక్కన ఉండవలసిన అంకెలు చూసుకుని పరవాలేదనుకున్నాను గాని, మనసు మాత్రం రెండువేల ఆరో ఏడో, ఆ రోజుల గద్వాలకు, మా అత్తవారి మగ్గాల గదికి వెళ్లి కూర్చుండిపోయింది.

మా అక్కా నేనూ ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నాం. తోడబుట్టినదే తోడికోడలు కావడం అదృష్టమని చుట్టాలంతా అనేవారు, నేనూ అట్లాగే అనుకున్నాను. ఇంట్లో రెండు గుంత మగ్గాలు, ఒకటి అక్కది, ఒకటి నాది. మగవాళ్లు నూలు తేవడం, రంగులద్దడం చూసుకుంటే, మేము పొద్దున కాళ్లు గుంతలో పెట్టి కూర్చుని పొద్దుగూకాక లేచేవాళ్లం. బయట పాలమూరు ఎండ మాడుస్తున్నా, గాలి తగిలితే పోగు ఆరి తెగుతుందని కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టుకునేవాళ్లం కనుక, ఎండ మా ఒంటిమీద పడిందే తక్కువ.

ముప్పై ఏళ్లకే నాకు నడుము, తొడలు, పక్కటెముకలు లాగడం మొదలైంది. గుంతలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చేది. పని ఎగ్గొట్టడానికి వేషమని అత్తమ్మ గొణిగేది. చివరికి మా ఆయన ఊళ్లోని ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన రక్తపరీక్ష రాశాడు. అప్పట్లో ఈ పరీక్షకు రక్తం హైదరాబాదు పంపేవాళ్లు. వారానికి రిపోర్టు వచ్చిందని తెలిస్తే, పదో తరగతి చదివిన అక్కే ల్యాబుకు పోయి తెచ్చింది. నాది ఐదో తరగతి చదువు, ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం తెలుసు. ఏడు అని ఉంది, ఏందక్కా అది అని అడిగాను.

"ఏడంటే మంచిదే. చెక్కర పరీక్ష లెక్కనే, తక్కువుంటే భయం లేనట్టు. నీకేం రోగం లేదు పో."

ఇక డాక్టరు దగ్గరికి మళ్లీ ఎందుకని ఇంట్లో అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు నొప్పి నా పిరికితనమేనేమోనని నన్ను నేనే తిట్టుకుంటూ నేశాను. ఒకరోజు గుంతలోంచి లేస్తుంటే పాదంలో ఎముక చిట్లింది. పెద్ద దవాఖానలో డాక్టరమ్మ పాత కాగితాలడిగితే, మా అక్క పెట్టెలోంచి ఆ రిపోర్టును మా ఆయన తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని చూసి నా వైపు చూసింది.

"ఏడు అంటే చాలా తక్కువమ్మా. పక్కన రాసిండ్రు గద, ముప్పై ఉండాలె. ఎముకలు మెత్తబడ్డయి. రెండేండ్ల సంది మందులెందుకు వాడలేదు?"

అక్కకు తెలియక అట్లా చెప్పిందేమోనని దారి పొడుగునా మనసుకు సర్దిచెప్పుకుంటూ వచ్చాను. తెలియక కాదు. చాలా తక్కువ ఉంది, డాక్టరుకు చూపమని ల్యాబు అతను అక్కకు ఆరోజే చెప్పాడట, ఆ సంగతి ఆమే ఒప్పుకుంది. ఇంటికొచ్చి అడిగితే అక్క మగ్గం ఆపకుండానే జవాబిచ్చింది.

"నాకూ గివే నొప్పులు, పదేండ్ల సంది. ఒక్కరన్న నన్ను దవాఖానకు తోల్కపోయిండ్రా? నువ్వు మంచమెక్కితే నీ మగ్గం గూడ నా మీదనే పడ్తుండె."

ఆమె నొప్పి ఎన్నడూ చెప్పలేదు, నేనూ ఎన్నడూ అడగలేదు. అయినా, అత్తమ్మ అన్నీ అంటుంటే వింటూ ఊరుకున్నది నా అక్కే కదా అన్న మాట గుండెలో ముల్లులా దిగింది. నెల తిరిగాక మా ఆయనతో, బావతో గొడవపడి ఆమెకూ అదే పరీక్ష చేయించాను. ఆమెది తొమ్మిది. అది తక్కువని, ప్రమాదమని, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఇద్దరం వారానికొక పొట్లం మందు పొడి పాలల్లో కలుపుకుని తాగాం, మధ్యాహ్నం కాసేపు మిద్దె మీద ఎండకు కూర్చున్నాం, ఆమె ఒక మూల, నేనొక మూల. ఏడాదికి ఇద్దరి నొప్పులూ తగ్గాయి.

ఇప్పుడు గద్వాలలో వీధికొక ల్యాబు, ఎవరి రిపోర్టు వాళ్లే చదువుకుంటున్నారు, ఒకందుకు మంచిదే. అక్క చెప్పిందంటే చాలనుకుని బతికిన ఆ రోజులు మాత్రం మళ్లీ రాలేదు. ఈనాటికీ పెళ్లి సంబంధం గురించి గాని, మందుబిళ్ల గురించి గాని ఆమె ఏదైనా చెబితే, సరేనని తలూపి, ఆమె అటు వెళ్లాక మరొకరిని అడుగుతాను. అడుగుతానని ఆమెకూ తెలుసు.